లగూన్‌లో రెండో శిథిలం

యుద్ధం ముగిసిన నలభై ఒక్క ఏళ్ళకి నోనుబారా దీవిలో ఆ యుద్ధం ఇంకో మనిషిని చంపింది. కనీసం పోలీసు రిపోర్టులో అలాగే ఉంది.

చనిపోయినవాడి పేరు బకోవా. జపాన్ వాళ్ళు వదిలేసి వెళ్ళిన తీర ఫిరంగి కింద, సిమెంటు గదిలో దొరికాడు. దొరికాడంటే ముక్కలుగా దొరికాడు. ఎడమ చెయ్యి మాత్రం మర్నాడు పీతలు పట్టేవాళ్ళకి కనిపించింది. పాత తుప్పు బాంబు పేలిందని దీవి పోలీసు రాసుకున్నాడు. ఆ దీవుల్లో అదేం వింత కాదు, కొబ్బరి మొక్క నాటుదామని గడ్డపార వేస్తే బాంబు ఖంగుమంటుంది. సంతకాలయ్యాయి, ఫైలు మూతపడింది.

ఆ ఫైలు మళ్ళీ తెరిచింది నేయ్ రూటా. తరావా రేవులో చేపల గోదాం వెనక, ‘వాతావరణ రికార్డులు’ అని బోర్డున్న ఒంటి గది ఆమె ఆఫీసు. పసిఫిక్ దీవుల దేశం కిరిబాస్ గూఢచారి శాఖ మొత్తం ఆ గదే. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్ళయినా సిబ్బంది ముగ్గురు దాటలేదు. బకోవా పోయాక ఇద్దరు మిగిలారు.

“కూర్చో ఇయోటెబా,” అంది రూటా. “బకోవా ఎలా పోయాడు?”

“పాత బాంబన్నారు మేడం.”

“బాంబు పాతదే. పేల్చిన వైరు కొత్తది.” చిటికెన వేలంత ఎర్ర వైరు ముక్క బల్ల మీద పెట్టింది. “చొక్కా మడతలో ఇరుక్కుంది. ఏమన్నా మిగిలితే దాచుకుందామని వాళ్ళావిడ ఆ చొక్కా ఉతుకుతుంటే దొరికింది.”

ఇయోటెబా ఆ ముక్కని ముట్టుకోలేదు. బకోవా, అతనూ ఏడేళ్ళు ఒకే బల్ల మీద అన్నం తిన్నారు.

రూటా ఒక ఫోటో జరిపింది. తెల్లటి బోటు, దాని ముందు తెల్లటి టోపీ పెట్టుకున్న తెల్లటి మనిషి. “డాక్టర్ ఓర్లిక్. డాక్టరూ కాదు, ఓర్లిక్కూ కాదు. యుద్ధం జరిగిన దీవులు చూపిస్తానని ముసలి టూరిస్టుల్ని పోగుచేసి తిప్పుతాడు. మునిగిన విమానాలు, ఫిరంగులు, పగడపు దిబ్బలు, సూర్యాస్తమయం. అసలు పని వేరు. సబ్‌మెరీన్ల చప్పుడు వినే స్థావరం ఒకటి వాళ్ళ దేశానికి కావాలి. నోనుబారాలో జపాన్ వాళ్ళ పాత రన్‌వే మీద కన్ను పడింది. హోటల్ కడతామని తొంభై తొమ్మిదేళ్ళ లీజు అడిగారు.”

“మా నాన్న ఇవ్వనన్నాడు.”

“రన్‌వే మీ నాన్న భూమిలో ఉంది. ఆయనున్నంత కాలం ఇవ్వడు. ఆయన తరవాత సంతకం ఎవరిది?”

“నాది.”

“నీ ఒక్కడిదేనా?”

రూటా రెండో ఫోటో జరిపింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి పెదాలు, సినిమా తార నవ్వు. “ఓర్లిక్ బోటు మీద గైడు. రెండేళ్ళుగా మనకి లోపలి కబుర్లు పంపేది ఈమే. అక్కడ ఓర్లిక్ మనిషి, ఇక్కడ మన మనిషి. కోడ్ పేరు ‘మిణుగురు’.”

“అసలు పేరు కయేవా,” అన్నాడతను. “నా చెల్లెలు.”

“తెలుసు. ఇంకో మనిషుంటే నిన్ను పంపను. నువ్వొస్తున్నట్టు ఆమెకి చెప్పాను.” రూటా సొరుగులోంచి సామాను తీసింది: సిగరెట్ లైటరులో కెమెరా, పెన్నులో రేడియో, దొంగ మీసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు. “మరుగుదొడ్ల ఇన్‌స్పెక్టరుగా వెళ్తున్నావు. ఎవరూ నీ పక్కకి రారు. తుపాకీ లేదు. ఉన్న ఒక్కటీ బకోవాతో పోయింది. ఇంకో సంగతి. అది నీ సొంత దీవి. ఎవరేమడిగినా ఇవ్వకు.”

“ఎలా మేడం?”

“అది నాకూ ఎవరూ నేర్పలేదు,” అంది రూటా.

ఆమె భయపడింది బుబుసి గురించి. రక్తసంబంధం ఉన్నవాళ్ళు నోరు తెరిచి ‘ఇది నాకియ్యి’ అంటే ఇచ్చెయ్యాలి. పడవైనా సరే, ఒంటి మీద చొక్కా అయినా సరే. కాదన్నవాడి మొహం ఇక ఆ దీవిలో ఎవరూ చూడరు. కయేవాకి ఆరేళ్ళప్పుడు ఫిజీ నుంచి పిల్లల్లేని బంధువొకామె వచ్చి, గుమ్మంలో ఆడుకుంటున్న పిల్లని చూసి ‘ఉరియం, ఈ పిల్లని నాకియ్యి’ అంది. ఉరియం ఇచ్చేశాడు. సాయంత్రం పడవలో ఆ పిల్ల ‘నాన్నా, నాన్నా’ అని దిబ్బ దాటేదాకా ఏడ్చింది. పదకొండేళ్ళ ఇయోటెబా ఒడ్డున నిలబడి విన్నాడు. ఇప్పటికీ పడవ ఇంజను చప్పుడు అతనికి నచ్చదు.

సరుకుల ఓడ అతన్ని నోనుబారా ఒడ్డున దింపేసరికి ఉదయం ఎనిమిది. మారువేషం ఎంతసేపు నిలిచిందంటే, పడవలోంచి కాలు కింద పెట్టేదాకా.

“ఉరియం కొడుకా, ఆ కళ్ళజోడేంట్రా?” అంది మేనత్త టీమా, ఇసకలో గుల్లలు ఏరుతూ. “మూతి మీద అదేంటి, మసా?”

“మీసం అత్తా. గవర్నమెంటు పని మీద వచ్చాను. మరుగుదొడ్లు చూడాలి.”

“మాకు దొడ్లెక్కడున్నాయిరా? సముద్రం ఉందిగా. చూసుకో.”

పది నిమిషాల్లో చుట్టాలంతా మూగారు. పినతండ్రి కొడుకు సియోసి, దీవిలో ఏ మంచి వస్తువైనా ముందు వాసన పట్టేవాడు, నవ్వుతూ భుజం మీద చెయ్యేశాడు.

“అన్నా, లైటరు భలే ఉంది. నాకిస్తావా?”

ఇయోటెబా చేతిలో కెమెరా ఒక్క క్షణం ఆగింది. చుట్టూ పదిహేను జతల కళ్ళు చూస్తున్నాయి. ఇచ్చేశాడు. తరవాత పెన్ను పోయింది. కళ్ళద్దాలు ఒక ముసలాయన అడిగి పెట్టుకుని, ఏమీ కనిపించకపోయినా బావున్నాయన్నాడు. తొమ్మిది కొట్టేసరికి కిరిబాస్ గూఢచారి శాఖ ఒక లుంగీతో, సగం ఊడిన మీసంతో మిగిలింది. మీసం ఎవరూ అడగలేదు.

ఓర్లిక్ టూరిస్టులు అప్పటికే ఒడ్డున ఉన్నారు. ఆరుగురు ముసలివాళ్ళు, మెడల్లో కెమెరాలు. బకోవా ముక్కలైన ఫిరంగి ముందు వంతులవారీగా నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వాళ్ళ వెనక లగూన్, పగడపు దిబ్బ లోపలి సముద్రం, పరుచుకుని ఉంది. ఒడ్డు దగ్గర పాలు కలిపినట్టు లేతగా, దిబ్బ దగ్గర పచ్చగా, లోతులో ముదురు నీలంగా. నీళ్ళెంత తేటగా ఉన్నాయంటే, ఇరవై బారల అడుగున రెక్క విరిగి పడున్న జపాన్ సీప్లేన్ కూడా పడవలోంచి కనిపిస్తుంది. ఓర్లిక్ తెల్లబోటు సరిగ్గా దాని మీదే లంగరేసి ఉంది. అంత అందం చూస్తే ఇయోటెబాకి కోపం వచ్చింది. తన స్నేహితుడి నెత్తురు ఈ నీళ్ళలోనే కలిసింది, నీళ్ళకి ఒక మరకైనా లేదు.

కయేవా ఎర్ర గౌను, ఎత్తు మడమల చెప్పులతో ఇసకలో నడిచి వచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఫోటోల్లో తప్ప చూడని చెల్లెలిని ఏమని పలకరించాలో అతనికి తోచలేదు. కోడ్ ఉండబట్టి బతికిపోయాడు.

“బోటులో ఉప్పుందా?”

“ఉప్పుంది. నీళ్ళే లేవు,” అంది కయేవా మెల్లగా. “అన్నా, నువ్వేం కంగారు పడకు. ఈ రోజు ఏమీ లేదు. ఓర్లిక్ రేపు తరావా వెళ్ళి మంత్రిని పట్టుకుంటాడు. ఈ రోజు సభకి రా, నాన్న పక్కన కూర్చో, తిను.”

“బకోవాని ఎవరు చంపారు?”

“ఓర్లిక్. నేను ఆపలేకపోయాను.” గొంతులో సరిగ్గా కావలసినంత వణుకు పెట్టింది. హ్యాండ్‌బ్యాగులోంచి వెండి పౌడర్ డబ్బా తీసి మొహం అద్దుకోబోయింది.

“అబ్బ, ఎంత మెరుస్తోందే,” అంది వెనకనుంచి టీమా అత్త. “ఉరియం కూతురివేగా నువ్వు? నీ మేనత్తని. ఆ డబ్బా నాకియ్యి.”

కయేవా వేళ్ళు డబ్బా మీద బిగుసుకున్నాయి. పౌడర్ డబ్బా మీద ఎవరికీ అంత ప్రేమ ఉండదు. ఇయోటెబా అది చూశాడు. ఆమె అతను చూడటం చూసింది. అప్పుడు నవ్వి ఇచ్చేసింది. అత్త చెప్పులు కూడా అడిగింది. అవీ ఇచ్చింది.

సభ పదకొండు గంటలకి మనేబాలో. దీవి మొత్తం పట్టే ఆ పెద్ద తాటాకు శాలలో ఏ కుటుంబానికి ఆ కుటుంబపు చోటుంది, ఎవరూ ఇంకొకరి చోట కూర్చోరు. రెండొందల మంది చాపల మీద సర్దుకున్నారు. టూరిస్టులకి పక్కన చోటిచ్చి, లేత కొబ్బరి కల్లు, ఉడికిన పెద్ద చేమదుంపలు పెట్టారు. ఓర్లిక్ రాలేదు, తలనొప్పిట. తన తరఫున కానుక పంపించాడు. లగూన్ అడుగున దొరికిన జపాన్ ఓడ ఇత్తడి గంట, తోమి మెరిపించి, చక్క పీట మీద బిగించింది. దాన్ని ఉరియం ముందు పెట్టారు. ఆయన డెబ్భై ఆరేళ్ళ చేత్తో దాన్ని తడిమి సంతోషపడ్డాడు.

ఉరియం మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన మొదలుపెడితే గంటకి తక్కువ ఉండదు, మధ్యలో లేవడం మర్యాద కాదు. యుద్ధంలో జపాన్ సైనికులు తనతో రన్‌వే తవ్వించిన సంగతి, అలిసి కూర్చున్న తమ్ముణ్ణి తన కళ్ళముందే నరికిన సంగతి, తనే ఆ మట్టి తమ్ముడి మీద కప్పి చదును చేసిన సంగతి చెబుతున్నాడు. అందుకే ఆ రన్‌వే ఎవరికీ ఇవ్వనన్నాడు.

పదకొండున్నరకి టీమా అత్త పాక్కుంటూ వచ్చి ఇయోటెబా మోచెయ్యి గిల్లింది.

“ఒరేయ్, ఈ డబ్బా మాట్లాడుతోందిరా. మగాడి గొంతు. మీ మామ చూస్తే నన్ను చంపేస్తాడు.”

అతను డబ్బా చెవికి ఆనించుకున్నాడు. ఓర్లిక్ గొంతు ఇంగ్లీషులో గొణుగుతోంది. “కయేవా, ఎందుకు పలకవు? పావు తక్కువ పన్నెండుకి బయటపడు, బోటు దగ్గరికి రా. సరిగ్గా పన్నెండుకి అయిపోతుంది. నీ అన్న కూడా లోపలే ఉన్నాడుగా? మంచిది. రెండు సంతకాల పని నీ ఒక్క సంతకంతో పోతుంది. పాత బాంబు, పాపం టూరిస్టులు కూడా పోయారంటారు. బకోవా విషయంలో నమ్మలేదూ?”

మిణుగురు రెండు వైపులా వెలగడం లేదు, ఒక వైపే వెలుగుతోంది. లోపలి కబురంటూ బకోవాని ఆ గదిలోకి నడిపించింది తన చెల్లెలే. ఇప్పుడు అందర్నీ లేవండి, పరిగెత్తండి అనాలా? ఎక్కడికని పరిగెత్తమంటాడు? బాంబు చాపల కింద ఉందో, ఒడ్డు దారిలో పాతారో అతనికి తెలీదు. తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె అప్పుడే గౌను సర్దుకుని లేవబోతోంది.

“కయేవా,” అన్నాడు, శాలంతా వినపడేలా. ఉరియం కూడా మాట ఆపాడు. “నిన్ను ఒకటి అడుగుతున్నాను. అన్నగా అడుగుతున్నాను. బుబుసి.”

రెండొందల తలలు తిరిగాయి. కయేవా మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలో లేదు.

“ఏం కావాలన్నా?”

“నాన్న మాట పూర్తయ్యేదాకా ఆయన పక్కన కూర్చో.”

కాదంటే ఆమె ఎవరో ఆ క్షణమే తేలిపోతుంది, గుమ్మం దగ్గర కూర్చున్న పదిమంది మగవాళ్ళు ఊరికే కూర్చోరు. కయేవా చెప్పుల్లేని కాళ్ళతో నడిచి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది. ఉరియం పొంగిపోయాడు. కూతురు వచ్చిందని ఇంకాస్త వివరంగా మొదలుపెట్టాడు.

ఇయోటెబా చేమదుంప ముక్క నోట్లో పెట్టుకుని చెల్లెలినే చూస్తూ నమిలాడు. అది దయలేని పని. తెలిసే చేశాడు. పావు తక్కువైంది. ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. పది తక్కువైంది. ఆమె గోళ్ళు చాపలోకి దిగాయి. కళ్ళు మాత్రం ఎటూ తిరగలేదు, శిక్షణ గట్టిదే. అక్కడే కూర్చుని అందరితోపాటు చచ్చిపోవడానికి ఆమె సిద్ధపడిందని అప్పుడతనికి అర్థమైంది.

ఉరియం ఆగిపోయాడు. యుద్ధంలో బతికినవాడు, పక్క మనిషి భయం వాసన పట్టగలడు.

“అమ్మా, ఎందుకు వణుకుతున్నావు?”

“ఏం లేదు నాన్నా. చెప్పండి.”

“ఇక్కడ చావు ఉందా?”

ఇయోటెబా ముందుకు పాకి వచ్చి తండ్రి చెవిలో రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ముసలాయన అరవలేదు. కూతురి వైపు తిరిగాడు.

“రన్‌వే కోసమా? నువ్వడిగితే ఇచ్చేసేవాణ్ణి కదమ్మా. కూతురివి, కాదనగలనా?”

“అడిగితే ఇచ్చేస్తారని నాకు తెలీదా నాన్నా?” అంది కయేవా. ఇప్పుడు నవ్వు లేదు. “నన్నే ఇచ్చేశారు. ఆవిడ నన్ను కూతురిలా చూసిందనుకున్నారా? పదేళ్ళు గిన్నెలు తోమాను. తరవాత ఆవిడ మొగుడు...” ఆగింది. “ఆ రన్‌వే నాకక్కర్లేదు. ఓర్లిక్‌కి కావాలి. నాకు కావలసింది వేరు. మీరు ఒక్కసారన్నా కాదనలేకపోయినందుకు మీరు పోవాలి.”

ఉరియం కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

“నా జన్మలో ఎవర్నీ ఏదీ అడగలేదు,” అన్నాడు. “ఇప్పుడు నిన్నడుగుతున్నాను. నా కోసం కాదు. ఈ పిల్లల కోసం. ఎక్కడుందో చెప్పు.”

శాల చివర తల్లుల ఒళ్ళో పాలు తాగుతున్న పిల్లలున్నారు. గుమ్మంలో ఆరేళ్ళ పిల్లొకతి గుల్లలతో ఆడుకుంటోంది. కయేవా ఆ పిల్లని చూసింది.

“గంట,” అంది.

ఇయోటెబా ఇత్తడి గంటని పీటతో సహా తిరగేశాడు. లోపల మైనంలాంటి పేలుడు మందు, ఎర్ర వైర్లు, వాటి మధ్య చిన్న గడియారం. ఏడు నిమిషాలుంది.

“ఆపడం ఎలా?”

“కుదరదు. వైరు కదిపితే అప్పుడే పేలుతుంది. మోసుకుపోవచ్చు.”

అతను గంటని గుండెలకి హత్తుకుని ఒడ్డుకి పరిగెత్తాడు. సియోసి ఇంజను పడవ అక్కడుంది. “తమ్ముడూ, పడవ నాకియ్యి,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక సియోసిని ఎవరూ ఏమీ అడగలేదు. అతను నోరు వెళ్ళబెట్టి తాడు ఇచ్చేశాడు.

గంటని పడవలో పెట్టేసరికి వెనక కయేవా ఉంది, ఒంటరిగా. దూరంగా తెల్లబోటు మీద బైనాక్యులర్ తళుక్కుమంది.

“నువ్వెళ్తే ఓర్లిక్ సగం దారిలోనే కాల్చేస్తాడు,” అంది. “నా కోసం నిచ్చెన దింపుతాడు. నా కోసమే చూస్తున్నాడు.”

“లోతు దగ్గర నీళ్ళలో పడేసి దూకెయ్యొచ్చు. నేనే వెళ్తాను.”

“అన్నా,” అంది కయేవా. మొదటిసారి అది కోడ్‌లా లేదు. “నేను మిమ్మల్నెవర్నీ ఏమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. ఆ పడవ నాకియ్యి.”

నాలుగు నిమిషాలుంది. కాదనొచ్చు. ఆ ఒక్క మాట అంటే చాలు, ముప్ఫై ఒక్కేళ్ళ కింద తండ్రి అనలేని మాట. ఇయోటెబా నోరు తెరిచాడు. నాలుక తిరగలేదు. చేతిలో తాడు ఆమె చేతిలో పెట్టాడు.

“దిబ్బ దగ్గర పడేసి దూకు. వింటున్నావా? దూకెయ్.”

“సరే,” అంది కయేవా. గంట మీద చాప కప్పి ఇంజను లాగింది. దిబ్బ దాటింది, దూకలేదు. లోతు దాటింది, దూకలేదు. తెల్లబోటు నుంచి నిచ్చెన దిగింది. ఓర్లిక్ వంగి చెయ్యి చాచాడు. కయేవా చాప తీసి, కానుక ఇచ్చినట్టు రెండు చేతులా గంటని పైకెత్తి అతనికి అందించింది. ఓర్లిక్ అవతలి అంచుకి పరిగెత్తడం ఒడ్డునుంచి కనిపించింది. తరవాత తెల్లటి నీళ్ళ గోడ లేచింది, చప్పుడు వెనక వచ్చింది. మనేబాలో టూరిస్టులొకరిద్దరు ఫోటో తీశారు.

నీళ్ళు సద్దుమణిగాక ఉరియం కర్ర పట్టుకుని వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు.

“పడవ అడిగిందా?”

“అడిగింది.”

“ఇచ్చావా?”

“ఇచ్చాను నాన్నా.”

“నా కొడుకువే,” అన్నాడు ముసలాయన. అందులో మెప్పు లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చాలాసేపు నిలబడ్డారు.

పాత యుద్ధం బాంబు పేలి విదేశీ బోటు మునిగిందని దీవి పోలీసు రిపోర్టు రాశాడు. కిందటి రిపోర్టు ఎదురుగా పెట్టుకుని, పేర్లు మార్చి కాపీ చేశాడు. రూటా దాని మీద సంతకం చేసి, కెమెరా ఎక్కడని అడిగింది. చుట్టాలడిగారన్నాడు ఇయోటెబా. రేడియో పెన్ను? అదీ అడిగారు. చెల్లెలు? రూటా ఆ ప్రశ్న అడగలేదు, ఫైలు మూసేసింది.

ఇప్పుడు నోనుబారాకి వచ్చే టూరిస్టులకి సియోసి గైడు. లగూన్‌లో రెండు శిథిలాలు చూపిస్తాడు. కింద రెక్క విరిగిన సీప్లేన్, దాని మీద ఒరిగిన తెల్లబోటు, రెండింటి మధ్య తిరిగే నీలం చేపలు. రెండోది కొత్తగా ఉందే, ఇది ఏ యుద్ధంలోది అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

సియోసి గూఢచారి శాఖ లైటరుతో సిగరెట్ వెలిగించుకుంటాడు.

“అదే యుద్ధమండీ,” అంటాడు. “మా దగ్గర అదొక్కటే ఉంది.”